మొదలు కిందికి

వడ్ల ముత్తయ్య ఇంటికి తలుపు లేదు. దర్వాజా ఉంది. గడప ఉంది. తలుపు ఉండాల్సిన చోట ఈతాకు తడిక ఉంది. ఊరి తలుపులన్నీ బిగించిన వడ్రంగి తన ఇంటికి తడిక కట్టుకున్నాడని దారిన పోయేవాళ్లు మొదట్లో నవ్వారు. ఇప్పుడు నవ్వడం లేదు. తడిక సందులోంచి అతను చూసే చూపు వాళ్లకు నచ్చలేదు.

నిరుడు రజాకార్ల భయానికి సగం ఊరు కోదాడ దాటి యూనియన్ పొలిమేరలోకి పారిపోయింది. ముత్తయ్య భార్యను తీసుకుని పోయాడు. అక్కడి గుడిసెల్లో కలరా గత్తర వచ్చింది. వీరమ్మ అక్కడే మట్టయింది. యూనియన్ మిలిట్రీ వచ్చి రజాకార్లు ఖతమయ్యాక ముత్తయ్య ఒక్కడే తిరిగొచ్చాడు. వచ్చేసరికి తలుపు లేదు. రెండు రెక్కల టేకు తలుపు, పెళ్లయిన ఏడు తన చేత్తో చేసింది. విరగ్గొట్టలేదు, గోడ గీసుకోలేదు. రెక్కలు తెలిసినవాడు ఎత్తినట్టు ఎత్తుకుపోయారు. అంటే ఊళ్లోవాడే.

అందుకే కొత్త తలుపు చేసుకోలేదు. పాతది ఈ ఇళ్లలోనే ఎక్కడో ఉంది. అడవిలో గొడ్డలి చప్పుడు వినబడితే మిలిట్రీ తుపాకులు వచ్చే రోజులు. సూర్యాపేట అడితిలో టేకు పెద్దోళ్లకే అందుతుంది. ఊరు పాత కట్టెతోనే వెళ్లదీస్తోంది. విరిగిన బండి పెట్టె అవుతుంది, కాలిన ఇంటి దూలం గూటికి పలక అవుతుంది. అన్నీ ముత్తయ్య చేతికే రావాలి. వచ్చిన ప్రతి చెక్కనూ అతను ముందు వెనక్కి తిప్పి చూస్తాడు.

"తిప్పి తిప్పి సూడకు వడ్లాయనా," అంది ఏసమ్మ. "అది నీ తలుపు గాదు. మా నాయిన బండి తొట్టి."

ఏసమ్మ తడిక పక్క నీడలో కూర్చుని చుట్ట నలుపుతోంది. ఆమెది కూలి బతుకు. నోటికి మాత్రం ఎవరి కూలీ లేదు. బట్టలు ఎలుకలు కొట్టేస్తున్నాయని, కాళ్లున్న పెట్టె కావాలని తండ్రి బండి చెక్కలు నెత్తిన పెట్టుకొచ్చింది.

ముత్తయ్య చెక్క పక్కన పెట్టాడు. పెట్టె కాలికి తీసిన కట్టెకు నడుమ తాడు కట్టి, పాక దూలానికి వేలాడదీశాడు. కట్టె ఊగింది. తేల్చుకోలేనట్టు కాసేపు అటూ ఇటూ ఆడి, ఒక కొస మెల్లగా కిందికి వాలింది. వాలిన కొసకు బొగ్గుతో గీత పెట్టాడు.

"ఏంది, బంగారం తూస్తున్నవా?"

"మొదలేదో సూస్తున్న. చెట్టు మొదలు బరువుంటది. పాత కట్టె కదా, పైకి సూస్తే తెల్వది. మొదలు కిందికుండాలె, కొస పైకుండాలె. చెట్టు ఎట్ల నిలబడ్డదో కట్టె గూడ అట్లనే నిలబడాలె."

"సచ్చిన కట్టెకు తల ఏంది, కాళ్లేంది?"

"తలకిందులు పెడితే ఆ ఇంట్ల గింజ నిలువది."

"నా ఇంట్ల గింజ ఉంటెగద, నిలవనీకి." ఏసమ్మ నవ్వింది. "నువ్వు నీ ఇంట్ల అన్ని మొదలు కిందికే పెట్టినవ్ గద. ఏం నిలిచింది?"

ముత్తయ్య చేతిలో బాడిశ ఆగింది. ఏసమ్మ నాలుక కరుచుకుని చుట్ట వెలిగించే పనిలో పడింది. బాడిశ మళ్లీ కదిలింది, ఇందాకటి కంటే లోతుగా.

గోపయ్య వచ్చింది అప్పుడు. చిన్న కాపు. ఊరు పారిపోయిన నాడు పారిపోని కొద్దిమందిలో ఒకడు. మంచం పట్టిన తండ్రిని విడిచి రానన్నాడు. రజాకార్లు అతని అరుగు మీద కూర్చుని చాయ్ తాగారని కొందరంటారు. అదే అరుగు మీద అతన్ని తన్నారని కొందరంటారు. ముత్తయ్య చాయ్ మాటనే నమ్మాడు. తిరిగొచ్చిన కొత్తలో గోపయ్య ఒక గంప జొన్నలు తెచ్చి "మీ ఇంట్ల ఉన్నయే" అని కుమ్మరించి పోయాడు. ఇంట్లో వదిలిపోయింది గంపెడు కాదు. మిగతాది ఏమైందని ముత్తయ్య అడగలేదు. మనసులో పెట్టుకున్నాడు.

"ముత్తయ్యా, ఒక అల్మారి సెయ్యాలె."

"ఏం పెట్టుకుంటవ్ పటేలా?"

"ఏమో పెట్టుకుంట. బట్టలు, బోళ్లు. కట్టె నా కొట్టంల ఉన్నది. పాతదే."

"ఇంట్లకొచ్చి జాగ సూస్త."

"అక్కరలేదు." గోపయ్య రొంటిన దోపుకున్న తాడు తీశాడు. దానికి రెండు ముడులున్నాయి. "పొడుగు గీ ముడికాడికి. లోతు గీ ముడికాడికి. ఎత్తు నీ ఎదంత ఉంటే సాలు."

ముత్తయ్య తాడు అందుకుని చేతుల మధ్య సాగదీశాడు. "గింత లోతా? మనిషి పండుకుంటడా అండ్ల?"

"నువ్వు సెయ్యి."

"జాగ సూడకుండ వడ్లోడు అల్మారి సేస్తడా?"

"ఇల్లంత ఆగమాగం ఉన్నది. యాదమ్మ పరేషాన్ అయితది." గోపయ్య చూపు ఒకసారి ఏసమ్మ మీదికి పోయి వచ్చింది. "ఇంకోటి. కింద కాళ్లు వద్దు. నేలకు ఆని కూసోవాలె, సందు కనబడొద్దు. కింది పలకకు చీలలు కొట్టకు. ఎత్తితే రావాలె."

"కింది పలక ఎత్తుడెందుకు?"

"ఊడ్సుకోనీకి."

అల్మారి కింద ఊడ్చుకునే ఇల్లు ముత్తయ్య ఇంతవరకు చూడలేదు. ఏసమ్మ ముఖం చూశాడు. వాగకుండా గడియ ఉండలేని మనిషి వీధి వైపు తిరిగి పొగ వదులుతోంది.

"మిరుగు కార్తె రాకముందే కావాలె," అని గోపయ్య లేచాడు.

తాడు ముత్తయ్య ఒళ్లో ఉండిపోయింది.

*

మర్నాడు కట్టె చూడటానికి కొట్టానికి పోయాడు. రెడ్యా బండి కట్టుకుని ముందే వచ్చి ఉన్నాడు. తండా మనిషి. ఊళ్లో బరువులన్నీ అతని బండి మీదే కదులుతాయి.

కొట్టంలో మూలకు కట్టె పేర్చి ఉంది. కాలిన ఇంటి వాసాలు, మసి ఇంకా రాలుతోంది. పాత గాదె పలకలు, పురుగు తొలవనివి. మోట ఆగిపోయిన బావి మీంచి పీకిన నల్లమద్ది కంబాలు, నాలుగు, నీళ్లు తాగి తాగి ఇనుము రంగు తేలాయి. ముత్తయ్య ఒక్కొక్కటి తిప్పాడు. వేలి కణుపుతో కొట్టి విన్నాడు. గోళ్లతో గీకి వాసన చూశాడు. టేకు ముక్క లేదు.

"క్యాంపుల పని ఒడిసిందా ముత్తన్నా?" రెడ్యా అడిగాడు.

"ఒడిసింది."

"జమేదారు మంచోడేనా? బీడీ ఇచ్చిండట."

ముత్తయ్య తలెత్తాడు. రెడ్యా ఎద్దు కాడి సర్దుతున్నాడు. మాట ఎటువైపు నుంచి వచ్చిందో ముఖంలో కనబడలేదు. పాలకీడు మిలిట్రీ క్యాంపులో బల్లలు విరిగితే ముత్తయ్యను పిలిపించారు. పిలవకపోయినా పోయేవాడే. అక్కడి బల్లలు కూడా తిప్పి చూశాడు.

"ఎవరు సూసిండ్రు బీడీ?" అన్నాడు.

"ఎవలో సూస్తరు. కండ్లున్నయ్ గద అందరికి."

కంబం ఒక కొస ఎత్తబోతుండగా దూడ అడ్డం వచ్చింది. మెడకు పలుపు, పలుపు కొసకు ఇనప గొలుసు, గొలుసు గుంజకు తగిలించి ఉంది. ముత్తయ్య దూడను నెట్టబోయి గొలుసు మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

అది గొలుసు కాదు, గొళ్లెం. కడియాలు ఒక్కొక్కటీ మెలితిప్పి ఉన్నాయి. వీరమ్మ మేనమామ కమ్మరి. పెళ్లి కానుకగా కొలిమిలో కూర్చుని చేసిన గొళ్లెం. ఆ మెలి ఇంకో గొళ్లేనికి లేదు. పొద్దున తీసేటప్పుడు ఒక చప్పుడు, సాయంత్రం వేసేటప్పుడు ఇంకో చప్పుడు చేసేది.

ఎత్తిన కంబం కొస రెడ్యా చేతిలో ఆగి ఉంది. "ఏమైంది ముత్తన్నా?"

"ఏంది సూస్తున్నవ్?" గోపయ్య పెళ్లాం యాదమ్మ నడింటి వాకిట్లోంచి అడిగింది.

ముత్తయ్య కడియాన్ని బొటనవేలితో ఒకసారి తిప్పాడు.

"దూడ మంచిగున్నది," అన్నాడు.

యాదమ్మ కొట్టంలోకి రాలేదు. వెనక్కి జరిగి నడింటి తలుపు దగ్గరికి లాగింది. అది ఒంటి రెక్క తలుపు. మూసేలోపు ముత్తయ్యకు కనబడింది కొంచెమే. పేడతో అలికిన నేల. మిగతా ఇల్లంతా పాత అలుకు ఎండి పగిలి ఉంటే నడింట్లో మాత్రం పచ్చి అలుకు.

"కట్టె తీస్కపో," అంది తలుపు వెనక నుంచి. "మా ఆయన ఇంట్ల లేడు."

గోపయ్య దగ్గు లోపలి నుంచి వినబడింది.

*

ఆ పొద్దు వంగాక ముత్తయ్య తడిక విప్పి పక్కన పెట్టాడు. గోపయ్య ఇచ్చిన తాడు కొసను తన గడప మీద కాలితో తొక్కిపట్టి, పైకి లాగాడు. మొదటి ముడి దర్వాజా పైకమ్మికి సరిగ్గా తగిలింది. తాడును అడ్డంగా పట్టాడు. రెండో ముడి దర్వాజా అవతలి నిలువుకు సరిగ్గా తగిలింది. జానెడు ఎక్కువ లేదు, వేలెడు తక్కువ లేదు.

దొంగిలించిన తలుపు కొలతను దొంగ తాడు మీద మోసుకొచ్చి, తలుపు చేసినవాడి చేతికే ఇచ్చాడు.

ముత్తయ్య గడప మీద కూర్చున్నాడు. అడగవచ్చు. అడిగితే గోపయ్య ఏదో చెప్తాడు. చెప్పినదానికి యాదమ్మ తలూపుతుంది. రెడ్యా సాక్ష్యం పలుకుతాడు. చివరికి అడిగినవాడే దొంగవుతాడు. ఊళ్లో న్యాయం ఎట్లా నడుస్తుందో ముత్తయ్య చూడనిది కాదు. జమేదారుకు చెప్పవచ్చు. చెప్తే తలుపు క్యాంపుకు పోతుంది, మనిషి ఎక్కడికి పోతాడో తెలియదు. అది కూడా ఆలోచించాడు. ఆలోచించి, వడ్లవాడి పని వడ్లవాడిగానే చెయ్యాలనుకున్నాడు.

తెల్లారి నల్లమద్ది కంబాలకు తాడు కట్టి, ఒక్కొక్కటిగా దూలానికి వేలాడదీశాడు. ఒక్కొక్కటీ ఊగి ఊగి మొదలు చూపించింది. చూపించిన కొసకు బొగ్గు గీత పెట్టాడు. నాలుగింటికీ పెట్టాక, నాలుగింటినీ నేల మీద పరిచి, బొగ్గు గీత ఉన్న కొసలు తన తల వైపుకు తిప్పుకున్నాడు. అల్మారికి అది పై వైపు.

ఇంతకు ముందెప్పుడూ చెయ్యలేదు. తండ్రి చెయ్యలేదు. పగవాడి ఇంటికి పాడె కట్టినా వెదురు మొదలు చూసి కట్టిన వంశం. చేతులు మొదటి కంబం దగ్గర కొంచెం తడబడ్డాయి. రెండో కంబం దగ్గర తడబడలేదు.

ఉలితో బెజ్జాలు తొలిచాడు. గాదె పలకల కొసలను నాలుకల్లా చెక్కి బెజ్జాల్లో దింపాడు. దిగినదాన్ని తీశాడు, ఒక పొర చెక్కాడు, మళ్లీ దింపాడు. సుత్తె దెబ్బ బోలుగా మోగినంతసేపు చెక్కుతూ పోయాడు. గట్టిగా మోగాక చీల కొట్టాడు. పగ ఎంత ఉన్నా పలక వదులుగా పెట్టలేకపోయాడు. అల్మారి గట్టిగా నిలబడాలి, నిలబడి ఆ ఇంట్లో గింజ నిలవకుండా చెయ్యాలి. రెండూ ఎట్లా కుదురుతాయని తనను తాను అడగలేదు. అడ్డపట్టెలుగా పెట్టిన కాలిన వాసాలకు చిత్రిక పట్టి మసి తీశాడు. చిత్రికలోంచి మసి పొట్టు ముందు నల్లగా, తర్వాత ఎర్రగా చుట్టలు చుట్టలుగా రాలింది.

ఏసమ్మ పెట్టె కోసం వచ్చింది. పెట్టె మూత ఎత్తి దించి, ముక్కు లోపల పెట్టి వాసన చూసి, తృప్తిపడింది. అప్పుడు అల్మారి చుట్టూ తిరిగింది.

"మంచిగ కుదిరింది," అంది. తర్వాత ఆగింది. నిలువు పైకొస మీద చూపుడువేలు పెట్టి రుద్దింది. వేలికి నలుపు అంటింది. "బొగ్గు గీత పైకొచ్చిందేంది వడ్లాయనా? మొన్న నా పెట్టెకు కిందికి పెట్టినవ్ గద."

"కట్టెను బట్టి ఉంటది."

"ఓహో. ఒక్కో కట్టెకు ఒక్కో దిక్కు తలుంటదా?"

ముత్తయ్య చిత్రిక తీసుకుని నాలుగు నిలువుల పైకొసలూ గీత లేకుండా పట్టాడు. ఏసమ్మ వేలికంటిన నలుపును చీరకు తుడుచుకుంటూ అతని ముఖం చూసింది.

"ఆ గొళ్లెం సూసినవట," అంది మెల్లగా.

"ఎవరు సెప్పిండ్రు?"

"సూసి అడగకపోతివట. అడుగరాదు వడ్లాయనా? నోట్ల నాలుకుంటది గద."

"నీకు తెలిస్తే నువ్వు సెప్పు."

ఏసమ్మ పెట్టెను నెత్తికెత్తుకుంది. "నాది గాని మాట నేనెట్ల సెప్త?" అని పోయింది.

ఈమె కూడా అందులోనే ఉంది అనుకున్నాడు ముత్తయ్య.

*

రెడ్యా బండి మీద అల్మారి గోపయ్య ఇంటికి పోయింది. ముత్తయ్య వెనక నడిచాడు. వాకిట్లో గోపయ్య ఎదురొచ్చి, అరుగు చూపించాడు.

"నువ్వు గీడనే కూసో. మేం లోపల పెట్టుకుంటం."

అరుగు మీద కూర్చున్నాడు. అల్మారి లోపలికి పోయింది. ఏసమ్మ కూడా ఇంట్లోనే ఉందని గొంతు వినబడి తెలిసింది. నడింటి తలుపు మూసుకుంది. కాసేపు మట్టి గీకిన చప్పుడు. పారతో పెళ్లగించిన చప్పుడు. తర్వాత బరువైనదేదో పక్కకు లాగారు. ఆ చప్పుడు ముత్తయ్యకు తెలుసు. టేకు రెక్క నేల మీద రాసుకుంటే అట్లాగే వినబడుతుంది. లేచి నిలబడ్డాడు.

లోపల గుసగుసలు. "నెట్టు." "ఊగుతున్నది." "గా మూలకు సందు కనబడుతున్నది, గుడ్డోనికైన కనబడతది." "గోడకు జరుపు." "జరిపితే నోరు బయటపడతది." తర్వాత యాదమ్మ గొంతు: "ఆయిన్ను పిలువు ఇగ. ఏమైతే అదాయె."

"పిలిస్తే తర్వాత?" గోపయ్య.

"పిలువకపోతే రేపు సోదాకొచ్చినోళ్లకు ఏం సెప్తవ్?" ఏసమ్మ.

తలుపు తీసి గోపయ్య బయటికొచ్చాడు. చేతులకు మట్టి. ముత్తయ్య ముఖంలోకి కాక భుజం మీదికి చూస్తూ, "నేల ఎగుడుదిగుడున్నది. వచ్చి సూడు," అన్నాడు.

ముత్తయ్య నడింట్లోకి అడుగు పెట్టాడు.

నేలలో పాతర. మనిషి దిగేంత నోరు. లోపల గడ్డి పరిచి, ఒరలు కట్టి, జొన్నలు. అంచు దాకా లేవు, అడుగంటనూ లేదు, సగానికి ఉన్నాయి. మట్టి వాసనా, గింజ వాసనా కలిసి వస్తున్నాయి. పాతర నోటి పక్కన గోడకు ఆనించి రెండు టేకు రెక్కలు. ఒక వైపంతా పేడమట్టి పెళ్లలు కట్టి ఉంది. రెండో వైపు, గింజను చూస్తూ ఉన్న వైపు, శుభ్రంగా ఉంది.

ముత్తయ్య రెక్కల దగ్గరికి పోయి కూర్చున్నాడు. కింది అంచు పొడుగునా పసుపు. వీరమ్మ గడపకు పసుపు రాసి, వేళ్లకు మిగిలింది తలుపు అంచుకు తుడిచేది. తలుపు ఖరాబైతదని ఎన్నిసార్లు తిట్టినా తుడిచేది. వెలుతురు తగలక రంగు పోలేదు. నాలుగు వేళ్లు విడివిడిగా తెలుస్తున్నాయి.

గోపయ్య చేతుల మట్టి దులుపుకున్నాడు.

"మాది ఒంటి రెక్క తలుపు," అన్నాడు గోపయ్య చివరికి. "పాతరకు ఆనలేదు. నీ రెండు రెక్కలు పక్కపక్కన పరిస్తే సరిగ్గ సరిపాయె. రజాకార్లు మూడు దఫాలొచ్చిండ్రు. ఈ నేల మీద నిలబడే మా నాయిన మంచాన్ని తన్నిండ్రు. కింద గింజ ఉన్నదని వాళ్లకు తెల్వలె."

"ఎవరి గింజ?"

"అందరిది. పోయినోళ్లు ఇండ్లల్ల ఇడిసిపెట్టింది. నేను, యాదమ్మ, ఏసమ్మ, ముగ్గురం మోసినం. నీ జొన్నలు గూడ అండ్లనే ఉన్నయ్. తిననీకి ఇచ్చింది ఇచ్చిన. నీ వడ్ల మాన్యంల ఎయ్యనీకి విత్తనం ఆపిన. ఇప్పుడు సర్కారు లెవీ గింజలకని క్యాంపోళ్లు సోదాలు సేస్తున్నరు. విత్తనమని సెప్తే ఎవడింటడు? పచ్చి అలుకు కనబడితే చాలు తవ్వుతున్నరు. అల్మారి నిలబెడితే అలుకు పనిలేదు, కింది పలక ఎత్తి తీస్కోవచ్చు. నీ తలుపు నీకిచ్చేయొచ్చు."

"వచ్చిన్నాడే సెప్పలేదేం?"

"వీరమ్మ వస్తే ఆమెకు సెప్పాలనుకున్న. ఆమె ఉంటే తలుపెక్కడిది, గింజెక్కడిది అని ఆమే అడుగుతుండె. నువ్వు అడుగకపోతివి." గోపయ్య గొంతు గట్టిపడింది. "ఇంటింటికి జొరబడి కట్టె తిప్పి సూడవడితివి. క్యాంపుకు పోతివి. జమేదారుతోని బీడీ తాగితివి. మేమేమనుకోవాలె?"

"తలుపు దేవులాడనీకి పోయిన."

"అది మాకేమెర్క?"

గొళ్లెం చూసి తను అడగనట్టే, బీడీ చూసి వాళ్లూ అడగలేదు.

"కొట్టంల గొళ్లెం," అన్నాడు.

"రెక్క బోర్లేస్తే గొళ్లెం అడ్డమొచ్చింది. పీకిన," అంది యాదమ్మ. "దూడ పలుపు తెగితే కట్టిన. దాస్తే గదా దొంగతనం?"

అల్మారి ఒక మూలకు వాలి నిలబడి ఉంది. ముత్తయ్య ఆ మూల కింద వేళ్లు పెట్టి చూశాడు. పలచటి చెక్క ఒకటి కింద తోస్తే సరిపోతుంది. గడియలో అయ్యే పని. అతను చెక్క అడగలేదు. నిలువు పైకొస మీద, గీత చెరిపిన చోట, అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఏసమ్మ ఆ చేతి వంకే చూస్తోంది. ఆమె విత్తనం కూడా ఆ పాతరలోనే ఉంది.

"నిలువులు మార్చాలె," అన్నాడు.

"ఏం?" గోపయ్య.

"మార్చాలె."

"నున్నగున్నయ్. గట్టిగున్నయ్. ఏమైంది వాటికి?"

గోపయ్య నిలువు వంక చూశాడు, ఏసమ్మ వంక చూశాడు. అతని పొలంలో మంచె గుంజలకు కూడా మొదలు చూసే బిగించింది ఈ ముత్తయ్యే. మెల్లగా అతని ముఖం మారింది.

"మొదలు పైకి పెట్టినవా?"

ముత్తయ్య అరచెయ్యి నిలువు మీంచి తీశాడు.

"తప్పి పెట్టినవా, తెలిసి పెట్టినవా?"

"తెలిసే."

యాదమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. గోపయ్య ఒక అడుగు ముందుకేశాడు. చెయ్యి లేస్తుందనుకున్నాడు ముత్తయ్య. లేస్తే బాగుండేది. లేవలేదు.

"ఊరి గింజ మీద," అన్నాడు గోపయ్య. "ముత్తయ్యా, ఊరి గింజ మీద పెట్టినవ్."

"నీదనుకుని పెట్టిన."

"నాదైతే పెట్టొచ్చునా?"

"పటేలా," అంది ఏసమ్మ. "సోదా వాళ్లు వచ్చేదాంక కొట్లాడుకుంటరా? మార్చనియ్యి."

"తిప్పి పెడితే పోదా?" యాదమ్మ అడిగింది.

"బెజ్జాలు కుదరవు. కొత్త నిలువులు కావాలె."

"కట్టెక్కడిది? కొట్టంల ఉన్నదంత నీకే ఇస్తిమి."

ముత్తయ్య గోడకు ఆనించిన రెక్కల దగ్గరికి పోయాడు. రెక్కకు రెండు నిలువు పట్టెలు. రెండు రెక్కలకు నాలుగు. అరచెయ్యి వెడల్పు, పాతికేళ్లు ఎండిన టేకు. రెక్కను నేల మీద పడుకోబెట్టి, ఉలి అతుకులో పెట్టి, సుత్తె ఎత్తాడు.

"నీ తలుపు," అన్నాడు గోపయ్య.

సుత్తె దిగింది.

*

రెడ్యా బండి విప్పి బాట మలుపులో ఎద్దులు మేపుతూ కూర్చున్నాడు. క్యాంపు వాళ్లు కనబడితే ఎద్దును అదిలించే కేక పెట్టాలి. ఏసమ్మ, యాదమ్మ పాతర నోటి మీద అల్మారి కింది పలక అడ్డం వేసి, చాప పరిచి, దాని మీద బియ్యం చెరుగుతున్నట్టు కూర్చున్నారు. గోపయ్య మంచం తెచ్చి నడింటి తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

"నేను గీడనే ఉంట," అన్నాడు. "నువ్వు కొట్టే ప్రతి చీల నాకు సూపియ్యి."

ముత్తయ్య ప్రతి చీలా చూపించాడు. చీల చేతిలోకి తీసుకుని గోపయ్య తిప్పి చూసి తిరిగిచ్చేవాడు. ఏం చూస్తున్నాడో అతనికీ తెలియదు. అయినా చూశాడు. ఇన్నాళ్లూ ఊరి కట్టెనంతా ముత్తయ్య చూసినట్టే చూశాడు.

పని పొద్దంతా పట్టింది. పట్టెలను ఎద ఎత్తుకు కోశాడు. పైకొసలే కోశాడు, పసుపు అంచు ముట్టలేదు. పాత నిలువుల్లోంచి గాదె పలకలు ఊడదీసి, కొత్త బెజ్జాలు తొలిచాడు. టేకు పొట్టు వాసన ఇల్లంతా పట్టింది. మొదటి నిలువు ఎత్తి నిలబెట్టబోతుంటే గోపయ్య మంచం మీంచి అన్నాడు.

"తాడు కట్టి సూడవా? మొదలేదో?"

"అక్కరలేదు."

"నీ మాట మీద ఊకోవాల్నా?"

ముత్తయ్య పట్టెను అతని ముందుకు వంచి కింది కొస చూపించాడు. గోపయ్య వంగి చూశాడు. వేళ్ల గుర్తులు చూశాడు. ఎవరివని అడగలేదు. తలూపాడు.

పసుపు కొస నేలకు ఆనింది. తర్వాత మిగతా మూడూ. పాతర నోరు మూసుకుంది. సందు లేదు, ఊగులాట లేదు. యాదమ్మ కింది పలక ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి, పిడికెడు జొన్నలు తీసి మళ్లీ వదిలింది. పైన బోళ్లు పేర్చింది. ఏసమ్మ నాలుగు నిలువుల పైకొసలూ వేలితో రుద్ది చూసుకుంటూ అల్మారి చుట్టూ తిరిగి బయటికి పోయింది.

ముత్తయ్య ఉలులు మూట కట్టుకున్నాడు. రెక్కల్లో మిగిలిన పలకలు గోడ పక్కన పడి ఉన్నాయి. అవి తలుపు కావు. గోపయ్య మంచం పక్కకు జరిపి దారి ఇచ్చాడు. పొమ్మనీ అనలేదు, ఉండమనీ అనలేదు.

కొట్టం దగ్గర యాదమ్మ వెనక నుంచి వచ్చింది. దూడ మెడ పలుపు విప్పి, గొళ్లెం తీసి, కొంగుతో తుడిచి పట్టుకుంది.

"ఇది నీదే గద. తీస్కపో."

ముత్తయ్య చెయ్యి చాపలేదు. దూడ విడుపు దొరికి వాకిట్లోకి ఉరికింది.

"దూడకే ఉండనీ," అన్నాడు.